మూడున్నర, అయిదు, అయిదున్నర

సైదాబాద్‌లో మా మెట్ల కిందే వంటిల్లు.
మంజీరా నీళ్లు పైన అన్న ట్యాంకులోకి ఎక్కుతాయి,
కిందికి రావాలంటే మెట్ల స్లాబును దాటాలి.
పొద్దున్నే వచ్చాడు జహంగీర్,
భుజాన కోర్ కటింగ్ మిషన్, చెవి మీద సగం పెన్సిల్.
"పైనుంచి ఏటవాలుగ కొడితే
కింద ఏడ తేల్తదో జర చెప్పున్రి,
లెక్కల సారు గదా."

ఇరవై రెండేళ్లుగా చైతన్యపురిలో
ఇంటర్ పిల్లలకు చెప్పేది ఇదే.
బోర్డు మీద రేఖ తలాన్ని తాకిన ప్రతిసారీ
సుద్దపొడి తప్ప ఏదీ రాలలేదు.
తాకిన చోట ఇనుముందా సిమెంటుందా అని
ఒక్కరూ అడగలేదు.

సిమెంటు సంచి చింపి నేల మీద పరిచాను.
వంటింటి మూల సున్న.
గోడ వెంట ఒక దారి, వీధి వైపు ఒక దారి,
మూడోది బల్లి ఎక్కే దారి.
"జరుపున్రి సారూ,
సున్న మీద గ్యాస్ బండ ఉన్నది."

పైపు బయలుదేరేది అన్న వరండాలో:
రెండు, ఎనిమిది, పది. అడుగుల్లో.
అక్కణ్నుంచి ఒక్కో విడతకు
గోడ వెంట ఒకటి ముందుకు,
వీధినుంచి రెండు వెనక్కి,
మూడు కిందికి.
ఎన్ని విడతలో తెలీదు,
తెలీనిదాన్ని టీ అందాం, అన్నాను.
"టీ తర్వాత తాగుదాం, ముందు లెక్క కానియ్యిన్రి."

స్లాబుకు ఒకటే పట్టు:
ఎత్తును రెండింతలు చేసి, వీధి వైపు దూరం తీసేస్తే
ఆరు మిగలాలి.
మొదటి మెట్టు దగ్గరా ఆరే, మలుపు దగ్గరా ఆరే.
రేఖను తెచ్చి ఆ పట్టులో కూర్చోబెట్టాను.
పన్నెండులోంచి నాలుగు టీలు పోతే ఆరు.
టీ ఒకటిన్నర.

ఆ నాలుగే సున్న అయ్యుంటే?
క్లాసులో ఇక్కడ ఆగుతాను, ఇక్కడా ఆగాను.
"ఈ రెయిలింగ్ చూడు. మెట్లతో పాటే ఎక్కుతుంది,
మెట్లతో పాటే దిగుతుంది,
ఎంత సాగినా మెట్టును తాకదు.
ఈ చీమల బారు చూడు, స్లాబు మీదే పాకుతోంది.
స్లాబును ఎక్కడ కలుస్తావని దాన్ని అడగలేం."
"ఇల్లే అదైతే చీమకు అడ్రసెందుకు," అన్నాడు,
దారానికి గుండు కడుతూ.

రెయిలింగ్ అన్నప్పుడు నేను పైకి చూడలేదు.
మోటారు కరెంటు బిల్లు మీద మొదలై
అన్నకూ నాకూ మూడేళ్లుగా మాటల్లేవు.
ఒకే మెట్లు ఎక్కుతాం, దిగుతాం.

మూడున్నర, అయిదు, అయిదున్నర.
మెట్ల అడుగున పెన్సిల్‌తో చుక్క పెట్టాను.
జహంగీర్ ఒక కన్ను మూశాడు,
దారం ఆగేదాకా ఊపిరి బిగబట్టాడు,
తడి బొటనవేలు స్లాబుకు అద్దాడు.
నా చుక్కకు అర అంగుళం పక్కన.

పైన మిషన్ మొదలైంది.
బిట్టు కాలకుండా చెంబుతో నీళ్లు పోయాలి ఎవరో ఒకరు.
ఎవరు పోస్తున్నారో చెప్పులు చూస్తే తెలిసింది.
ఎదురింటావిడ కిటికీ మూసింది.
బూడిదరంగు బురద కారి సంచి మీద పడింది,
ఎనిమిది పోయింది, పది పోయింది,
టీ ఒక్కటే కాసేపు మిగిలి అదీ పోయింది.

అప్పుడు స్లాబు ముక్క ఊడి బకెట్లో దబ్బున పడింది.
గుండ్రటి బిట్టే, అయినా రంధ్రం కోడిగుడ్డులా ఉంది,
ఏటవాలు తలం కదా.
అద్దిన వేలిముద్ర ఆ ముక్కతోనే పోయింది.
నేను లెక్కించింది కింది సున్నపు పూత మందం
మరిచిపోయిన స్లాబును.

పుస్తకంలో బిందువుకు పొడవూ వెడల్పూ ఉండవు.
ఇది రెండంగుళాలుంది.
వెలుగు దిగింది, నీళ్లు నాలుగు చుక్కలు దిగాయి,
ఆ వెంటే గొంతు:

"తేలిందారా?"

బండ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.
"తేలింది," అన్నాను.
"అర అంగుళం పక్కన."